జాడ తెలియని జవాను: వెతకవలసిన బాధ్యత ఎవరిది?

అల్లాహ్ ప్రేమ కోసం అన్నం పెట్టే సజ్జనులను దివ్య ఖుర్ఆన్ దహ్ర్ సూరాలో మెచ్చుకుంది. వారు ముగ్గురికి అన్నం పెడతారని 8వ ఆయత్ చెబుతుంది. ఒకరు నిరుపేద, ఒకరు అనాథ, మూడవవాడు ఖైదీ. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టండి, రోగిని పరామర్శించండి, బందీని విడిపించండి అని ప్రవక్త (స) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. మన జుమా ప్రసంగాలలో నిరుపేద గురించి, అనాథ గురించి తరచు వింటాం. రోగిని పరామర్శించడం వల్ల కలిగే పుణ్యాన్ని కూడా వింటాం. బందీ సంగతి మాత్రం ఎక్కువగా రాదు. అది పాత యుద్ధాల కాలం నాటి ముచ్చట అనుకుని ముందుకు సాగిపోతాం.

అది పాత ముచ్చట కాదు. పల్లె నుంచి పటాలానికి వెళ్లిన కుర్రవాడు, చేపల వేటకు సముద్రంలోకి వెళ్లినవాడు, గల్ఫ్ దేశానికి కూలికి వెళ్లినవాడు ఏదో ఒక రోజు పరాయి దేశపు జైలులో పడవచ్చు. అప్పుడు బందీ అయ్యేది అతడొక్కడే కాదు. అతడు నాలుగు గోడల మధ్య ఉంటే అతడి తల్లిదండ్రులు, ఇల్లాలు వార్త లేని ఇంట్లో బందీలవుతారు. జైలులో ఉన్నవానికి తాను బతికి ఉన్నానని తెలుసు. ఇంట్లో ఉన్నవారికి ఆ మాట కూడా తెలియదు.

ఒక పల్లె జవాను కథ

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెకు చెందిన ముస్లిం యువకుడు మన సైన్యంలో జవానుగా పనిచేసేవాడు. ఆ రోజుల్లో అతడి సంగతి దేశమంతా మార్మోగింది. అయినా ఇక్కడ ఆ కుటుంబంలో ఎవరి పేరూ రాయడం లేదు. ఆ ఇంటి పరదా ఇదివరకే ఒకసారి దేశం ముందు తొలగిపోయింది. మళ్లీ తొలగించవలసిన అవసరం మనకు లేదు.

1999లో అతడికి నికాహ్ అయింది. కార్గిల్ పోరు జరిగిన సంవత్సరమది. పెళ్లయిన కొద్ది రోజులకే అతడు విధులకు వెళ్లిపోయాడు. ఆ ఏడాదే తోటి జవాను ఒకరితో పాటు సరిహద్దు దగ్గర కనిపించకుండా పోయాడు. సైన్యపు కాగితాలలో అతడి పేరు ముందు ‘పరారీ’ అన్న మాట చేరింది. ఉర్దూలో ‘భగోడా’ అంటారు. పల్లెలో ఆ మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. కొడుకు దేశం కోసం ప్రాణం ఇస్తే తండ్రి తల ఎత్తుకుని తిరుగుతాడు. కొడుకు పారిపోయాడంటే బజారుకు పోవడానికి కూడా సిగ్గుపడతాడు. నిజానికి ఆ జవాను పారిపోలేదు. పాకిస్తాన్ జైలులో ఉన్నాడు.

ఇంటివద్ద కొత్త పెళ్లికూతురు ఎదురు చూసింది. ఏళ్లు గడిచాయి. చివరకు పెద్దలు ఆమెకు మరొకరితో నికాహ్ జరిపించారు. 2004 ఆగస్టులో పాకిస్తాన్ ఆ ఇద్దరు జవానులను విడుదల చేసింది. సుమారు ఐదేళ్ల తర్వాత మొదటి భర్త ఊరికి తిరిగి వచ్చే సరికి ఆమె రెండవ భర్త వల్ల నిండు గర్భిణి.

ఆ తర్వాత జరిగినది మరింత శోచనీయం. ఆమె ఎవరి భార్య అన్న ప్రశ్న పంచాయతీకి ఎక్కింది. అక్కడి నుంచి టెలివిజన్ తెరకు ఎక్కింది. దీపాల వెలుగులో, కెమెరాల ముందు ఇద్దరు భర్తలు, బంధువులు, ఊరి పెద్దలు, మత పెద్దలు చేరారు. మొదటి నికాహ్ రద్దు కాలేదు కనుక ఆమె మొదటి భర్త భార్యేనని చెప్పారు. ఆమె ఆ ఇంటికి వెళ్లింది. అక్కడ కొడుకును కన్నది. 2006 జనవరిలో ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూసింది. పాతికేళ్లు దాటీదాటని వయసు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ జవానుది తప్పా, ఆ ఇల్లాలిదా, రెండవ భర్తదా? ముగ్గురిలో ఎవరిదీ కాదని ఆలోచించేవారికి అర్థమవుతుంది. మరి షరీఅత్‌లోనే దారి లేదా? ఉంది. ఆ దారి మొదటి మెట్టు వెతుకులాట. ఈ కథలో అందరూ దాటిపోయిన మెట్టు కూడా అదే.

బందీ వేరు, జాడ లేనివాడు వేరు

మన ధర్మశాస్త్రంలో ఈ రెండు మాటలూ వేర్వేరు. శత్రువు చేతిలో చిక్కినవాణ్ణి ‘అసీర్’ అంటారు. బతికున్నాడో లేదో తెలియనివాణ్ణి ‘మఫ్ఖూద్’ అంటారు. ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలోని తలాఖ్ ప్రకరణంలో జాడ లేనివాని భార్య గురించి, ఆస్తి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టారు. తాబియీలలో గొప్ప పండితుడైన ఇమామ్ జుహ్రీ అభిప్రాయం అందులో ఉంది. ఎక్కడున్నాడో తెలిసిన బందీ భార్య మరో నికాహ్ చేసుకోరాదు, అతడి ఆస్తిని పంచుకోరాదు. అతడి వార్త తెగిపోతే మాత్రం జాడ లేనివానికి వర్తించే నియమమే అతడికీ వర్తిస్తుంది. ఇదీ ఆయన చెప్పిన దాని సారాంశం.

గమనించండి. ఒకే మనిషి, ఒకే జైలు, ఒకే భార్య. వార్త ఉంటే ఒక హుకుం, వార్త లేకపోతే మరొక హుకుం. అంటే ఆ స్త్రీ జీవితం, పుట్టబోయే బిడ్డ వంశం, ఇంటి ఆస్తి, అన్నీ ఒక్క కబురు మీద ఆధారపడి ఉన్నాయి. కనుక ఆ కబురు కోసం గాలించడం ఏదో దయతో చేసే పని కాదు. దాని మీదే హలాల్ హరామ్ నిలబడి ఉన్నాయి. ఎవరైనా వార్త తెస్తే దానిని తర్కించి తెలుసుకోమని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తోంది. తెలియక ఒక వర్గానికి హాని చేసి, ఆ తర్వాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదని అక్కడే కారణం కూడా ఉంది.

పూర్వీకులు ఎలా ఆలోచించారు?

జాడ లేనివాని భార్య విషయంలో సహాబాలలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఆమె నాలుగేళ్లు ఎదురు చూడాలి, తర్వాత భర్త చనిపోయిన స్త్రీ వలె నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పూర్తి చేయాలి, ఆపైన ఆమెకు నికాహ్ హలాల్ అని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ఇచ్చారు. ఇమామ్ మాలిక్ మువత్తాలో ఇది నమోదై ఉంది. ఆమె పరీక్షకు గురైన స్త్రీ, భర్త మరణించినట్లో తలాఖ్ ఇచ్చినట్లో వార్త వచ్చేదాకా సహనం వహించాలి అన్నది హజ్రత్ అలీ (రజి) నుంచి వచ్చిన అభిప్రాయం. మాలికీలు మొదటి మార్గం పట్టారు. మన హనఫీ ఇమాములు రెండవదాని వైపు మొగ్గారు. అతడి ఈడువారంతా గతించేదాకా అతడు బతికి ఉన్నట్లే లెక్క అన్నారు. దానికి 90 ఏళ్ల వయసును హద్దుగా చెప్పిన మాట ప్రసిద్ధం.

ఇరవై ఏళ్ల భర్త తప్పిపోతే డెబ్బై ఏళ్లు ఎదురు చూడడం మాటలా? ఆంగ్లేయుల పాలనలో ఈ కష్టం బాగా ముదిరింది. భర్త జాడ లేక, విడాకుల దారి లేక, కొందరు స్త్రీలు నికాహ్ తెగిపోతుందన్న ఆశతో మతాన్నే వదిలిన ఘటనలు ముఖ్యంగా పంజాబ్‌లో జరిగాయి. అది చూసి పండితులు కదిలారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ హనఫీ పండితులలో అగ్రగణ్యులు. ఆయన మదీనాలోని మాలికీ పండితులకు ప్రశ్నలు రాసి జవాబులు తెప్పించుకున్నారు. వాటి ఆధారంగా 1931లో ‘అల్ హీలతున్ నాజిజా’ గ్రంథం వెలువరించారు. అవసరమైన చోట మాలికీ మార్గాన్ని అనుసరించవచ్చునని అందులో తేల్చారు.

ఆ మార్గంలో నాలుగేళ్లు ఎప్పటి నుంచి మొదలవుతాయో చూడండి. భర్త వెళ్లిన రోజు నుంచి కాదు. స్త్రీ తన మొర ఖాజీ ముందు పెట్టాలి. నికాహ్ జరిగినట్లు, భర్త జాడ లేనట్లు గవాహీలు కావాలి. ఖాజీ తన వంతుగా వెతికించాలి. అతడు ఉండవచ్చునన్న చోట్లకు మనుషులను పంపాలి, ఉత్తరాలు రాయాలి. అన్ని ప్రయత్నాలూ చేసి ఆశ వదులుకున్న తర్వాతే నాలుగేళ్ల గడువు పెడతారు. ఖాజీ లేని ప్రాంతంలో ధర్మనిష్ఠ గల ముస్లింల పంచాయతీ ఈ పని చేయవచ్చు. అంటే ఇంట్లో వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోదు. గడువు కంటే గాలింపు ముందు.

ఇందులో మనసును కలచివేసే సంగతి ఒకటుంది. థానాభవన్ కూడా పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనిదే. ఆ జవాను పల్లెకు మరీ దూరమేమీ కాదు. అతడి ఇంటి సమస్యకు జవాబు ఆ ప్రాంతంలోనే డెబ్బై ఏళ్ల క్రితం పుస్తకంగా వచ్చింది. పుస్తకం అల్మారాలో ఉంది. అవసరమైన ఇంటికి అది చేరలేదు.

చట్టం ఏమంటోంది?

ఆ గ్రంథం ప్రభావంతో, జమీయతుల్ ఉలమా పండితుల కృషితో 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టం వచ్చింది. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో దాని కోసం బిల్లు తెచ్చారు. భర్త ఆచూకీ నాలుగేళ్లుగా తెలియకపోతే భార్య కోర్టును ఆశ్రయించవచ్చు. రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా అడగవచ్చు. భర్తకు ఏడేళ్లు గాని అంతకు మించి గాని జైలు శిక్ష పడి, ఆ శిక్ష ఖాయమైనా అడగవచ్చు.

ఈ చట్టంలో కూడా వెతుకులాట దాగి ఉంది. ఆచూకీ లేదని దావా వేసే స్త్రీ, భర్త ఆ రోజే చనిపోయి ఉంటే ఎవరు వారసులవుతారో వారందరి పేర్లూ, చిరునామాలూ రాయాలి. వారందరికీ నోటీసు వెళ్లాలి. భర్తకు చిన్నాన్న, పెదనాన్న, అన్నదమ్ములు ఉంటే వారు వారసులు కాకపోయినా వారిని కూడా కేసులో చేర్చాలి. ఎందుకు? కనిపించకుండా పోయినవాడు భార్యకు కబురు పంపకపోయినా అన్నకో, బాబాయికో పంపి ఉండవచ్చు. వారిని పిలిచి అడిగితే తెలుస్తుంది. అంతటితో అయిపోలేదు. రద్దు తీర్పు వచ్చిన తర్వాత కూడా ఆరు నెలలదాకా అది అమలులోకి రాదు. ఆ లోపల భర్త తిరిగి వచ్చి సంసార బాధ్యతలు నెరవేరుస్తానని కోర్టును నమ్మిస్తే తీర్పు రద్దవుతుంది.

చాలా ఇళ్లలో కలిపేసుకునే మరో లెక్క కూడా ఉంది. ఏడేళ్లు వార్త లేకపోతే మనిషి చనిపోయినట్లు భావించవచ్చునని సాక్ష్య చట్టం చెబుతోంది. పెన్షను, ఆస్తి వంటి వ్యవహారాలలో దాని అవసరం వస్తుంది. వివాహ రద్దుకు 1939 చట్టంలోని నాలుగేళ్ల నియమం వేరు. రెండింటిలోనూ గడువు నిండగానే దానంతట అది ఏదీ జరగదు. తీర్పు కావాలి. తీర్పు చేతిలో లేకుండా చేసిన రెండవ నికాహ్ ఇసుక మీద కట్టిన గోడ వంటిది. మొదటివాడు తిరిగి వచ్చిన నాడు కూలుతుంది.

అతడు తిరిగి వచ్చాక ఏమిటన్న విషయంలోనూ పండితులలో భేదం ఉంది. అటువంటి భర్తకు భార్యను గాని, ఇచ్చిన మహర్‌ను గాని ఎంచుకొనే అవకాశం ఇచ్చినట్లు హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఉల్లేఖనాలు ఉన్నాయి. ఆమె మొదటి భర్తదేనని హనఫీ పండితులు అంటారు. అయినా రెండవవానితో ఇద్దత్ ముగిసేదాకా, గర్భం ఉంటే ప్రసవమయ్యేదాకా, మొదటి భర్త ఆమెతో కాపురం చేయరాదు. రెండవ భర్త ద్వారా పుట్టిన బిడ్డ అతడి బిడ్డే. ఆ బిడ్డ వంశానికి మచ్చ లేదు. సహాబాలే భిన్నంగా ఆలోచించిన ఇంత సున్నితమైన మసలాను, నెలలు నిండిన స్త్రీని ఎదురుగా కూర్చోబెట్టి, దేశమంతా చూస్తుండగా తేల్చడం తగునా? ఫత్వా సరైనదే కావచ్చు. అడిగిన చోటు, అడిగిన తీరు సరైనవి కావు.

ఎవరు వెతకాలి?

మొదటి బాధ్యత ప్రభుత్వాలది. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ శిబిరానికి చేరిన వారం లోపల తన ఇంటికీ, జెనీవాలోని కేంద్ర సంస్థకూ ఒక కార్డు రాసుకొనే వీలు కల్పించాలి. తర్వాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాయనివ్వాలి. కార్గిల్ వంటి ప్రకటించని పోరులో, ప్రశాంతంగా ఉన్న రోజున సరిహద్దు దాటి చిక్కినవాని విషయంలో ఈ నియమాలు తేలికగా పక్కకు పోతాయి. 2008లో భారత్, పాకిస్తాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలని దాని నియమం.

మన సైన్యపు చట్టంలోనూ ఒక పద్ధతి ఉంది. అనుమతి లేకుండా 30 రోజులు విధులకు రాని జవాను గురించి విచారణ కోర్టు కూర్చుంటుంది. ఆ తర్వాత అతడు పరారీ కింద జమకడతాడు. నియమం అవసరమే. కాని సరిహద్దు మీద నిలబడినవాడు రాకపోతే పారిపోయి ఉండవచ్చు, మంచులో కూరుకుపోయి ఉండవచ్చు, శత్రువుకు చిక్కి ఉండవచ్చు. మూడింటిలో ఇంటివారి పరువునూ, జీతాన్నీ ఒకేసారి తీసుకుపోయే మాట ఒకటే. ఆ మాట రాసే ముందు మిగిలిన రెండింటినీ చివరిదాకా వెతకాలని కోరడం న్యాయమే.

రెండవ బాధ్యత కుటుంబానిది, ఊరిది. తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి బోట్లలో పనిచేస్తుంటారు. 2018 చివరలో వారిలో కొందరిని పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారి భార్యలు ఇంట్లో కూర్చుని ఏడవలేదు. నాయకులను కలిశారు, అర్జీలు పెట్టారు, పేర్లు మరుగున పడనివ్వలేదు. 2020 జనవరి 6న 20 మంది వాఘా మీదుగా తిరిగి వచ్చారు. వారిని గుర్తుపెట్టుకున్నది ముందుగా వారి ఇల్లే.

మన ఇళ్లలోనూ ఈ భయం లేకపోలేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో ఏదో కేసులో జైలు పాలైనవారు, ఫోను ఆగిపోయినవారు ఉంటారు. ఇంటివారు సిగ్గుతో నోరు విప్పరు. జైలులో ఉన్నాడంటే పరువు పోతుందని దాస్తారు. దాచిన ప్రతి నెలా వెతుకులాట ఒక నెల ఆలస్యమవుతుంది.

ఇంట్లో చేయవలసిన పనులు

జవానుగా వెళ్లే కొడుకు సర్వీసు నంబరు, పటాలం పేరు, రికార్డు ఆఫీసు చిరునామా ఒక కాగితం మీద రాసి తల్లి దగ్గరొకటి, భార్య దగ్గరొకటి ఉంచండి. గల్ఫ్ వెళ్లేవాని పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా కూడా అలాగే ఉంచండి. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా అన్ని కాగితాలలోనూ ఒకేలా ఉండాలి. మన పేర్లు ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారే సరికి ఒకే మనిషి ముగ్గురవుతాడు. పరాయి జైలు జాబితాలో పేరు వెతికేవానికి ఆ తేడా గోడలా అడ్డుపడుతుంది.

వార్త ఆగిన వెంటనే రాతపూర్వకంగా అడగండి. సైనికుని విషయంలో రికార్డు ఆఫీసునూ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్నీ, విదేశాలలో ఉన్నవాని విషయంలో అక్కడి భారత రాయబార కార్యాలయాన్నీ అడగాలి. విదేశాంగ శాఖ 2015లో ‘మదద్’ పేరుతో ఫిర్యాదుల ఏర్పాటు చేసింది. రెడ్‌క్రాస్ సంస్థకు తప్పిపోయినవారిని వెతికే విభాగమే ఉంది. ఎవరికి రాసినా తేదీతో నకలు దాచుకోండి. రేపు ఖాజీ ముందుగాని, కోర్టు ముందుగాని వెతికామని చెప్పడానికి అదే గవాహీ.

మస్జిద్ కమిటీలకు, నికాహ్ చేయించే పెద్దలకు ఒక విన్నపం. భర్త జాడ లేని స్త్రీకి నికాహ్ చేయమని ఎవరు వచ్చినా తీర్పు కాగితం అడగండి. లేదంటే తిట్టి పంపకండి. దారుల్ ఖజాకో, వకీలు దగ్గరికో వెంట తీసుకుని వెళ్లండి. ఆమెకు ఆ దారి తెలియకపోవడం ఆమె నేరం కాదు, చెప్పవలసిన మనది. ఎదురు చూస్తున్నన్నాళ్లూ ఆమె పోషణకు జకాత్ నుంచి, సదఖా నుంచి ఏర్పాటు చేయండి. ఆకలితో ఉన్న స్త్రీకి సహనం బోధించడం సులభం, ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించడమే కష్టం.

ఖైదీకి అన్నం పెట్టమన్న ఆయత్ మన కాలంలో ఇలా కూడా అమలవుతుంది. అతడి జైలు మనకు అందదు, అతడి ఇల్లు అందుతుంది. ఈ జుమా నమాజు తర్వాత మీ మొహల్లాలో వార్త కోసం ఎదురు చూస్తున్న ఇల్లు ఏదైనా ఉందేమో కనుక్కోండి. అర్జీ రాయడం వచ్చినవారు అర్జీ రాసి పెట్టండి, కార్యాలయానికి వెళ్లగలిగినవారు వెంట వెళ్లండి. పరాయి చెరలో ఉన్న ప్రతి మనిషికి అల్లాహ్ విడుదల ప్రసాదించుగాక. వారి కోసం గుమ్మం వైపు చూస్తున్న కళ్లకు నిజమైన కబురు చేర్చుగాక. ఆమీన్.